రూపచిత్రణ: మనిషి ముఖంలో పోలిక పట్టడంలోని చిక్కులు

ఒక నిర్దిష్ట వ్యక్తి ముఖాన్ని, చూసినవారు ఆ వ్యక్తేనని గుర్తుపట్టే విధంగా గీయడాన్ని గాని రంగులలో చిత్రించడాన్ని గాని రూపచిత్రణ అంటారు. వాడుకలో దీనికి పోర్ట్రెయిట్ అనే మాటే ఎక్కువగా వినిపిస్తుంది. చిత్రలేఖనంలో ప్రకృతి దృశ్యాలు, నిశ్చల వస్తువులు, జంతువులు వంటి విషయాలు ఎన్ని ఉన్నా వాటన్నిటిలోకీ ముఖమే కష్టమని నేర్చుకునేవారూ నేర్పేవారూ కూడా అంగీకరిస్తారు. చెట్టు బొమ్మలో ఒక కొమ్మ బెత్తెడు పక్కకు జరిగినా అది చెట్టుగానే నిలుస్తుంది. ముఖంలో నోటి మూల ఒక మిల్లీమీటరు పైకో కిందికో జరిగితే బొమ్మలోని మనిషి మారిపోతాడు, లేదా అదే మనిషి వేరొక మనఃస్థితిలో ఉన్నట్టు కనబడతాడు.

బిడ్డకు తల్లి పోలిక వచ్చిందనడానికీ, బొమ్మలో మనిషి పోలిక వచ్చిందనడానికీ తెలుగులో ఒకే మాట వాడతారు. ఈ వాడుకలో సూక్ష్మమైన పరిశీలన ఉంది. బిడ్డ ముక్కు తల్లి ముక్కులా లేకపోయినా, కళ్ళు తండ్రివే అయినా, చూడగానే తల్లి పోలిక అని బంధువులు అనగలుగుతున్నారంటే, పోలిక విడివిడి అవయవాలలో కాక వాటి కూర్పులో, అంటే వాటి మధ్య దూరాలలో, వాలులో, ఒకదాని నుంచి మరొకదానికి చర్మం వంపు తిరిగే తీరులో ఉందన్నమాట. రూపచిత్రణలోని ప్రధానమైన చిక్కులన్నీ ఈ ఒక్క విషయం నుంచే పుడతాయి. వాటిలో ఎక్కువ భాగం చేతి నైపుణ్యానికి సంబంధించినవి కావు, చూపుకు సంబంధించినవి.

గుర్తుపట్టే శక్తి, గీయడంలో అది కలిగించే ఆటంకం

మనిషి మెదడు ముఖాలను ఇతర వస్తువుల వలె చూడదు. మెదడు అడుగు భాగంలో, కణతల వైపు ఉన్న ఫ్యూసిఫార్మ్ మడత అనే చోట ఒక ప్రాంతం ముఖాలు కనబడినప్పుడు ప్రత్యేకంగా చురుకుదనం చూపుతుందని నాన్సీ కాన్విషర్, ఆమె సహ పరిశోధకులు 1997లో ప్రకటించారు. అంతకు చాలాముందే, 1969లో, రాబర్ట్ యిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ముఖాల చిత్రాలను తలకిందులుగా చూపినప్పుడు గుర్తుపట్టే శక్తి ఇతర వస్తువుల విషయంలో కంటే ఎక్కువగా దెబ్బతింటుందని నిరూపించాడు. 1980లో పీటర్ థామ్సన్ బ్రిటిష్ ప్రధాని మార్గరెట్ థాచర్ ఫోటోలో కళ్ళను, నోటిని మాత్రమే కత్తిరించి తిరగవేసి అతికించాడు. ఆ ఫోటోను తలకిందులుగా చూసినవారికి పెద్ద లోపమేమీ కనిపించలేదు గాని, నిటారుగా తిప్పగానే ముఖం వికృతంగా తోచింది. ఒకరి నుదురు, కళ్ళు ఉన్న పై సగాన్ని మరొకరి కింది సగంతో సరిగా జతపరిస్తే, ఆ పై సగం ఎవరిదో చెప్పడం కష్టమవుతుందనీ, రెండు సగాలను కొంచెం పక్కకు జరిపితే తేలిక అవుతుందనీ 1987లో జరిగిన ప్రయోగం చూపింది. మెదడు ముఖాన్ని ముక్కలుగా కాక మొత్తంగా ఒకే ఆకృతిగా గ్రహిస్తుందని ఈ ప్రయోగాలన్నీ చెబుతున్నాయి.

ఈ శక్తి వల్లనే మనిషి వందల ముఖాలను గుర్తుంచుకుని, సంతలో దూరం నుంచి తెలిసినవారిని పోల్చుకోగలుగుతున్నాడు. అయితే గీయడానికి కూర్చున్నవారికి ఇదే శక్తి అడ్డు వస్తుంది. మొత్తంగా గ్రహించిన దానిని కాగితం మీద ఒక్కొక్క గీతగా విడదీసి పెట్టవలసి ఉండగా, విడదీసిన రూపాన్ని మెదడు వారికి అందించదు. అప్పుడు చేయి తనకు అలవాటైన గుర్తులను ఆశ్రయిస్తుంది: చేప ఆకారంలో కన్ను, మధ్యలో గుండ్రని చుక్క, ముక్కుకు ఒక కొక్కెం గీత, నోటికి విల్లు వంటి వంపు. ఇవి చిన్నతనంలో పలకమీద నేర్చుకున్న సంకేతాలు. అక్షరాల వలె చదవడానికి పనికివస్తాయి గాని ఎవరి పోలికనూ మోయలేవు. తొలిసారి ముఖం గీసేవారిలో చాలామంది కళ్ళను నుదుటి దగ్గరకు పెట్టడం కూడా ఈ కారణం వల్లనే. నిజానికి పెద్దల తలలో నడినెత్తికీ గడ్డం అంచుకూ మధ్య సుమారు సగం ఎత్తులో కళ్ళు ఉంటాయి. కాని చూసేవారి శ్రద్ధ అంతా కళ్ళు, ముక్కు, నోటి మీదనే ఉండటం వల్ల, చెప్పుకోదగ్గ విశేషం లేని నుదురు, మాడు భాగాలు కాగితం మీద కుదించుకుపోతాయి.

చూసిన దానిని చూసినట్టు గీయలేకపోవడానికి చేతి వణుకు, సామగ్రి లోపం వంటి కారణాలు స్వల్పమైనవనీ, గీయవలసిన వస్తువును తప్పుగా గ్రహించడమే ముఖ్య కారణమనీ 1997లో డేల్ కోహెన్, సూసన్ బెనెట్ తమ ప్రయోగాల ఆధారంగా వాదించారు. కళాశాలల్లో నేర్పే కొన్ని పద్ధతుల వెనుక ఉన్నదీ ఇదే అవగాహన. 1979లో వెలువడిన తన ప్రసిద్ధ పాఠ్యగ్రంథంలో బెట్టీ ఎడ్వర్డ్స్, మాదిరి చిత్రాన్ని తలకిందులుగా పెట్టుకుని గీయమని అభ్యాసకులకు సూచించింది. ముఖాన్ని ముఖంగా గుర్తించడం ఆగిపోతే గీతలు గీతలుగా, ఖాళీలు ఖాళీలుగా కనబడతాయన్నది ఆమె ఉద్దేశం. ఆ గ్రంథంలో మెదడు కుడి ఎడమ భాగాల గురించి చేసిన వివరణను తరువాతి నాడీ శాస్త్రం పూర్తిగా సమర్థించకపోయినా, పద్ధతి మాత్రం పనిచేస్తుంది.

ముఖాలను గుర్తుపట్టలేని మెదడు లోపానికి 1947లో జోయాకిమ్ బోడమర్ అనే జర్మన్ వైద్యుడు ప్రోసోపాగ్నోసియా అని పేరు పెట్టాడు. అమెరికన్ చిత్రకారుడు చక్ క్లోజ్ (1940–2021) ఈ లోపంతోనే జీవించి, ప్రపంచంలో పేరుపొందిన రూపచిత్రకారులలో ఒకడయ్యాడు. కదులుతూ మారిపోయే ముఖం తనకు గుర్తుండదని, దానిని ఫోటోగా చదును చేసి గళ్ళుగా విభజించి, ఒక్కొక్క గడినీ విడిగా చిత్రించి, చివరకు ఒకటిగా కూర్చేవాడు. 1968లో పూర్తిచేసిన అతని స్వీయచిత్రం ఎత్తు సుమారు తొమ్మిది అడుగులు. ముఖాలను గుర్తుపట్టే శక్తీ ముఖాలను గీసే శక్తీ వేర్వేరని చెప్పడానికి ఇంతకంటే బలమైన ఉదాహరణ దొరకదు.

కొలతలు, వాటి పరిమితి

ముఖానికి కొలతలు నిర్ణయించే ప్రయత్నం చాలా పాతది. భారతీయ శిల్పశాస్త్రాలలో తాలము అనేది ముఖం పొడవుకు సమానమైన ప్రమాణం. దానిని పన్నెండు అంగుళాలుగా విభజించి, నుదురు, ముక్కు, గడ్డం భాగాలకు తలా నాలుగు అంగుళాలు కేటాయించారు. ఇక్కడ అంగుళమంటే నేటి అంగుళం కాదు, చిత్రిస్తున్న ఆకృతికే చెందిన సాపేక్షమైన కొలత. వరాహమిహిరుని బృహత్సంహిత ముఖం పొడవు, వెడల్పు చెరి పన్నెండు అంగుళాలని చెబుతూనే, నగ్నజిత్తు మతంలో పొడవు పద్నాలుగు అంగుళాలని, అది ద్రావిడమైన కొలత అని ప్రస్తావించింది. ఆరవ శతాబ్దంలోనే ఒక కొలత అందరికీ సరిపోదన్న గుర్తింపు ఉందనడానికి ఈ ప్రస్తావన చాలు. రోమన్ వాస్తుకారుడు విట్రూవియస్ కూడా ముఖాన్ని గడ్డం నుంచి ముక్కు అడుగుకు, అక్కడి నుంచి కనుబొమల మధ్యకు, అక్కడి నుంచి జుట్టు మొదలుకు మూడు సమాన భాగాలు చేశాడు. జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ వివిధ శరీరాకృతులను కొలిచి రాసిన గ్రంథం, అతడు మరణించిన 1528లోనే వెలువడింది.

తల వెడల్పు ఐదు కళ్ళ వెడల్పుకు సమానం, రెండు కళ్ళ మధ్య ఒక కన్ను పట్టేంత చోటు ఉంటుంది, చెవి కనుబొమ దగ్గర మొదలై ముక్కు అడుగున ముగుస్తుంది అనే సూత్రాలను నేటికీ డ్రాయింగ్ తరగతుల్లో మొదటి రోజులలోనే చెబుతారు. ఇవి అవసరమే గాని, వీటితో వచ్చేది ఎవరిదీ కాని ముఖం. ముఖ కొలతల శాస్త్రంలో ప్రామాణికుడైన లెస్లీ ఫార్కస్, ఇటువంటి సంప్రదాయ సూత్రాలను సజీవుల ముఖాలపై కొలిచి సరిచూసి, వాటిలో అనేకం కొద్దిమందికే సరిపోతాయని 1985లో తెలిపాడు. అంటే సూత్రం ఇల్లు కట్టేటప్పుడు వేసే సారువ వంటిది. పోలిక మాత్రం ఫలానా మనిషి ఆ సూత్రం నుంచి ఎక్కడ, ఎంత తప్పుకున్నాడన్న దానిలో ఉంటుంది. ఒకరి కళ్ళు కాస్త దగ్గరగా ఉంటాయి, మరొకరికి ముక్కుకూ పై పెదవికీ మధ్య చోటు ఎక్కువ. ఈ తప్పుదలలను కొద్దిగా పెంచి గీసిన బొమ్మలను చూసేవారు యథాతథమైన బొమ్మల కంటే త్వరగా గుర్తుపడతారని గిలియన్ రోడ్స్, సూసన్ బ్రెనన్, సూసన్ కేరీ 1987లో చేసిన ప్రయోగంలో తేలింది. తెలుగు పాఠకులకు దీనికి వేరే నిదర్శనం అక్కరలేదు: బాపు నాలుగైదు గీతలతో వేసిన రచయితల, నటుల వ్యంగ్యరూపాలలో కొలత ఒక్కటీ సరిగా ఉండదు, పోలిక మాత్రం తప్పదు.

కొలతను మనిషి నుంచి కాగితానికి చేర్చడానికి అనేక ఉపాయాలు వాడుకలో ఉన్నాయి. పెన్సిల్‌ను చేయి చాచి పట్టుకుని, ఒక కన్ను మూసి, బొటనవేలితో దూరాలు కొలవడం అన్నిటిలోకీ సులభమైనది. చేయి పూర్తిగా చాచకపోతే కొలత ఒక్కొక్కసారి ఒక్కొక్క విధంగా వస్తుంది కనుక, ఈ చిన్న నియమాన్ని పాటించకపోవడం వల్ల చెడిపోయే బొమ్మలు చాలా ఉంటాయి. 1525లో డ్యూరర్ ముద్రించిన ఒక చెక్కబొమ్మలో చిత్రకారుడు తలకు ఒక స్థిరమైన చోటు ఏర్పరచుకుని, గాజు పలక వెనుక కూర్చున్న మనిషి రూపురేఖలను ఆ పలక మీదనే గీస్తూ ఉంటాడు. 1806లో విలియం హైడ్ వోలస్టన్ కెమెరా లూసిడా అనే పట్టక పరికరానికి పేటెంటు పొందాడు. దాని ద్వారా చూస్తే ఎదుటి మనిషి రూపం కాగితం మీద పడినట్టే కనిపిస్తుంది. ఫోటోపైన, కాగితంపైన సమాన నిష్పత్తిలో గళ్ళు కొట్టి గడి గడికీ పోల్చి గీయడం మన పట్టణాలలోని చిత్రకారులు ఎక్కువగా అనుసరించే పద్ధతి; ఫ్లెక్సీ ముద్రణ రాకముందు సినిమా బ్యానర్లపై నటుల ముఖాలను ఇరవై ముప్పై అడుగులకు పెంచింది ఇలాగే.

గళ్ళ పద్ధతిని కొందరు ఉపాధ్యాయులు తక్కువగా చూస్తారు. ఆ అభిప్రాయం సగమే న్యాయమైనది. గళ్ళు అంచులను సరైన చోట పెట్టగలవు. ఆ అంచుల మధ్య ఉన్న ఎముక ఎక్కడ పైకి లేచిందో, కండ ఎక్కడ లోపలికి దిగిందో మాత్రం చెప్పలేవు. గీసేవారికి ఆ జ్ఞానం లేనప్పుడు కొలతలన్నీ సరిపోయినా ముఖం కాగితంతో చేసిన ముసుగులా చదునుగా మిగులుతుంది.

తల ఒక ఘనాకృతి

ముఖం ఒక చదునైన పలక కాదు, గుడ్డు ఆకారపు పుర్రెకు ముందువైపు ఉన్న వంపు. తల కొంచెం వంగినా, పక్కకు తిరిగినా పై కొలతలన్నీ మారతాయి. తల ఎత్తినప్పుడు చెవులు కళ్ళ కంటే కిందికి దిగినట్టు, వంచినప్పుడు పైకి పోయినట్టు కనిపిస్తాయి. ముప్పాతిక ముఖంలో, అంటే తల ఎదురుగా కాక కొంత పక్కకు తిరిగినప్పుడు, దూరపు కన్ను వెడల్పు తగ్గి, ముక్కు వంతెన దానిలో కొంత భాగాన్ని కప్పుతుంది. ఇలా దూరమైనది తగ్గడాన్ని, దగ్గరైనది పెరగడాన్ని విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం క్షయవృద్ధి అని పేర్కొని, ఎదురు చూపు నుంచి పూర్తి వెనుక తిరుగుడు వరకు తొమ్మిది స్థానాలను వివరించింది. అభ్యాసకులు ఎక్కువగా తడబడేది ఇక్కడే: దూరపు కన్ను చిన్నగా కనిపిస్తున్నా, రెండు కళ్ళూ సమానమన్న జ్ఞానం చేతిని శాసించి, ఆ కంటిని ముఖం అంచు దాటించేస్తుంది. ఇరవయ్యవ శతాబ్దపు అమెరికన్ చిత్రకారుడు ఆండ్రూ లూమిస్ 1956లో ప్రచురించిన గ్రంథంలో, ముందు ఇరుపక్కలా చెక్కిన బంతిని గీసి, దాని మీద మధ్యరేఖను, కనుబొమల రేఖను చుట్టి, ఆ తరువాతే దవడను తగిలించే పద్ధతిని సూచించాడు. నేటి అభ్యాసకులలో దానికి విశేష ప్రచారం ఉంది.

పూర్తి పక్కచూపులో ఈ చిక్కులు చాలావరకు తొలగిపోతాయి. నుదురు, ముక్కు, పెదవులు, గడ్డం ఒకే అంచు గీతలో వచ్చేస్తాయి కనుక పోలిక త్వరగా కుదురుతుంది. జహంగీరు కాలం నుంచి మొగలు ఆస్థానంలో పక్కచూపుకే ప్రాధాన్యం ఏర్పడింది. అక్బరు చిత్రశాలలోనే ముఖాలు వేయడానికి ప్రత్యేక నిపుణులు ఉండేవారు. ఒకే చిత్రంలో కన్ను ఒకరు, కనుబొమ ఒకరు వేసినా ఎవరు ఏది వేశారో తాను చెప్పగలనని జహంగీరు తన ఆత్మకథలో రాసుకున్నాడు. యూరపు రూపచిత్రాలలో మాత్రం ముప్పాతిక ముఖమే ఎక్కువ. వాటిలో కూర్చున్నవారు ఏ చెంప చూపుతారో క్రిస్ మక్‌మానస్, నికొలస్ హంఫ్రీ 1973లో 1474 చిత్రాలలో లెక్కించగా, సుమారు 60 శాతం ఎడమ చెంప చూపుతున్నట్టు తేలింది.

వెలుగునీడలు, చర్మం

ముఖంలో నిజమైన గీతలు చాలా తక్కువ. ముక్కుకు పక్కల గీత లేదు, పెదవికి చుట్టూ గీత లేదు. ఉన్నది ఒక తలం వెలుగులోనూ, పక్క తలం నీడలోనూ ఉండటం మాత్రమే. అంచు గీతను చివరి వరకు వదలకుండా ఉంచుకుని లోపల షేడింగ్ నింపినప్పుడు ముఖం రంగు వేసిన తోలుబొమ్మలా వస్తుంది. మన తోలుబొమ్మలకు ఆ గీతే ప్రాణం, వాస్తవ రూపచిత్రణకు అదే అవరోధం.

నీడలను సరిగా చూడటానికి కూడా మెదడు సహకరించదు. వస్తువు మీద పడే వెలుగు మారినా దాని సొంత రంగు మారలేదని గ్రహించే స్వభావం దానికి ఉంది. ఎడ్వర్డ్ అడెల్సన్ 1995లో రూపొందించిన చదరంగపు పలక చిత్రంలో, నీడలో ఉన్న తెల్ల గడి, వెలుగులో ఉన్న నల్ల గడి ఒకే బూడిదరంగులో ఉన్నా చూసినవారు ఎంతకీ నమ్మలేరు. ముఖంలో ఈ భ్రమ మొదట కంటి తెల్లగుడ్డు దగ్గర బయటపడుతుంది. రెప్ప నీడలో ఉండే తెల్లగుడ్డు నిజానికి చెంపపై వెలుగు కంటే తరచు ముదురుగా ఉంటుంది. దానిని కాగితం తెలుపుగానే వదిలేస్తే బొమ్మలోని మనిషి ఉలిక్కిపడినట్టు చూస్తాడు. పళ్ళ సంగతీ అంతే. ఒక్కొక్క పన్నుకూ గీత గీస్తే వయసు ఇరవై ఏళ్ళు పెరుగుతుంది. కళ్ళు సగం మూసి చూడమని ఉపాధ్యాయులు పదేపదే చెప్పడం, చిన్న వివరాలు మాసిపోయి పెద్ద వెలుగులు, పెద్ద నీడలు మాత్రమే మిగలడం కోసం. పెన్సిల్‌తో పనిచేసేవారు హెచ్‌బి దాటడానికి జంకి, 4బి, 6బి వంటి మెత్తని ముదురు పెన్సిళ్ళను కంటిపాప, ముక్కుపుటం, పెదవుల మధ్య చీలిక వంటి చోట్ల కూడా వాడకపోవడం వల్ల ముఖం పాలిపోతుంది. వేలితో రుద్ది నునుపు చేయడం వల్ల మైనపు బొమ్మ అవుతుంది. ఈ రెండు లోపాలూ తరచు ఒకే కాగితం మీద కనిపిస్తాయి.

లియొనార్డో డావిన్చి 1503 ప్రాంతంలో ప్రారంభించిన మోనాలిసాలో కంటి కొనలను, నోటి మూలలను ఎక్కడ మొదలై ఎక్కడ ముగిశాయో తెలియకుండా పొగ వలె కలిపివేశాడు. ఈ పద్ధతికి స్ఫుమాటో అని పేరు. లూవ్ర్ మ్యూజియంలోని లియొనార్డో చిత్రాలను 2010లో ఎక్స్ కిరణాలతో పరిశీలించినప్పుడు, ముఖాల మీద పారదర్శకమైన పూతలు ఒక్కొక్కటి ఒకటి రెండు మైక్రోమీటర్లంత పలుచగా ఉన్నాయనీ, అన్నీ కలిపినా సుమారు 40 మైక్రోమీటర్లు దాటలేదనీ, అంటే తలవెంట్రుక మందంలో సగమేననీ తేలింది. మోనాలిసా నవ్వు నోటివైపు సూటిగా చూసినప్పుడు తగ్గి, కళ్ళవైపు చూసినప్పుడు పెరుగుతుందనీ, కంటి అంచు చూపుకు సూక్ష్మ వివరాలు కాక మసక నీడలే అందడం దీనికి కారణమనీ మార్గరెట్ లివింగ్‌స్టన్ 2000లో వివరించింది.

రంగుల విషయంలో చర్మం ప్రత్యేకమైన పరీక్ష పెడుతుంది. గోడ మీద పడిన వెలుగు పైనుంచే తిరిగి వస్తుంది. చర్మం మీద పడిన వెలుగులో కొంత లోపలికి దిగి, రక్తంతో నిండిన పొరలలో చెదిరి, ఎరుపు కలుపుకుని బయటికి వస్తుంది. చెవి వెనుక దీపం ఉన్నప్పుడు చెవి తమ్మె ఎర్రగా మెరవడం ఇందువల్లనే. మధ్యయుగపు ఇటలీ చిత్రకారులు ముందు ఆకుపచ్చ మట్టిరంగు పూసి, దానిపై గులాబీ ఛాయలు వేసేవారని చెన్నినో చెన్నిని తన చేతిపుస్తకంలో వర్ణించాడు. ముఖంలో అన్ని చోట్లా ఒకే రంగు ఉండదు. నుదురు కొంత పసుపు వైపు, చెంపలు, ముక్కు, చెవులు ఎరుపు వైపు, పురుషులలో గడ్డం ప్రాంతం నీలి బూడిద వైపు మొగ్గుతాయి. చామనఛాయ, నలుపు ఛాయల మీద ఈ తేడాలు మరింత లోతుగా ఉండటమే కాక, వెలుగు మెరుపులు ఆకాశపు నీలిని పట్టుకుంటాయి. చిత్రసూత్రం గౌర, శ్యామ వర్ణాలను ఉపభేదాలతో సహా చెప్పింది. ఆధునిక రంగుల పరిశ్రమ మాత్రం చాలాకాలం మాంసవర్ణం అనే పేరుతో యూరపియన్ల గులాబీ ఛాయనే గొట్టాలలో నింపి అమ్మింది. అమెరికాలో క్రేయోలా సంస్థ తన రంగు కడ్డీలలో ఆ పేరును 1962లో తొలగించి పీచ్ అని మార్చింది. మన ముఖాలు వేయదలచిన విద్యార్థి ఆ గొట్టాన్ని పక్కన పెట్టి, కాల్చిన సియెన్నా, పచ్చి అంబరు, పసుపు ఓకరు, అల్ట్రామెరీన్ నీలాలతో సొంతంగా కలుపుకోవడం నేర్చుకోవాలి.

కదిలే ముఖం, నిలిచిన బొమ్మ

ముఖం ఎప్పుడూ నిశ్చలంగా ఉండదు. దగ్గరివారి జ్ఞాపకంలో ఒక మనిషి ముఖం అంటే అతడు మాట్లాడినప్పుడు, నవ్వినప్పుడు, ఆలోచనలో పడినప్పుడు కనిపించిన అనేక రూపాల కలయిక. బొమ్మలో నిలిచేది ఒకటే క్షణం. గంటల తరబడి ఎదురుగా కూర్చోబెట్టి గీసినప్పుడు కూర్చున్నవారి కండరాలు అలసి, పెదవులు జారి, చూపు మందగిస్తుంది; ఆ జారుడునే నమ్మకంగా గీసిన చిత్రకారుడు అలసిన అపరిచితుణ్ణి తయారుచేస్తాడు. నవ్వును గీయడం ఇంకా కష్టం. నిజమైన నవ్వులో నోటి మూలలను లాగే కండరంతో పాటు కళ్ళ చుట్టూ ఉండే కండరం కూడా ముడుచుకుంటుందని ఫ్రెంచి వైద్యుడు డ్యూషెన్ 1862లో వెల్లడించాడు. నోటిని మాత్రమే వంచి, కళ్ళను మామూలుగా వదిలేసిన బొమ్మలో నవ్వు అతికించినట్టు ఉండటానికి శరీర శాస్త్రం చెప్పే కారణం ఇదే. నిద్రిస్తున్నవానిలో ప్రాణాన్ని, మరణించినవానిలో ప్రాణం లేకపోవడాన్ని చూపగలవాడే చిత్రవేత్త అని చిత్రసూత్రం పెట్టిన పరీక్ష ఎంత కఠినమైనదో, 1618లో జహంగీరు ఆజ్ఞపై మృత్యుముఖంలో ఉన్న ఆస్థానికుడు ఇనాయత్ ఖాన్‌ను చూసి వేసిన చిత్రం తెలుపుతుంది. అస్థిపంజరంలా చిక్కిన ఆ దేహంలో చూపు మాత్రం ఇంకా ఆరిపోలేదు. భారతీయ రూపచిత్రాలలో దానికి సాటి రాగలవి చాలా తక్కువ.

ఫోటో వచ్చాక నిలిచి ఉండే మాదిరి దొరికింది, కొత్త చిక్కులూ వచ్చాయి. కెమెరా ముఖానికి దగ్గరైనకొద్దీ ముందుకు వచ్చిన ముక్కు పెరిగి, చెవులు తగ్గుతాయి. 30 సెంటీమీటర్ల దూరం నుంచి తీసుకున్న సెల్ఫీలో, ఒకటిన్నర మీటర్ల దూరం నుంచి తీసిన ఫోటోలో కంటే ముక్కు సుమారు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో ప్రచురితమైన ఒక పరిశోధన లెక్క కట్టింది. ఫోన్ ఫోటోలను చూసి గీసే నేటి విద్యార్థులు ఈ వికృతిని కూడా శ్రద్ధగా నకలు చేస్తున్నారు. ఎదురుగా పడే ఫ్లాష్ వెలుగు ముఖంలోని ఎత్తుపల్లాలను చెరిపివేయడం మరొక నష్టం. ప్రతి రంధ్రాన్నీ, ప్రతి వెంట్రుకనూ గీసి ఫోటోను మించిన వాస్తవికత సాధించాలన్న మోజు ఇటీవల పెరిగింది. మనిషిని దాదాపుగా పోలిన యంత్రమానవులు, కొద్దిపాటి పోలిక ఉన్నవాటి కంటే ఎక్కువ వెగటు పుట్టిస్తాయని జపాను శాస్త్రవేత్త మసహిరో మోరి 1970లో ప్రతిపాదించిన భావన ఇటువంటి బొమ్మలకు కూడా వర్తిస్తుంది. చర్మరంధ్రాల లెక్క సరిపోయి, కనుచూపు వాలు తప్పిన బొమ్మకు ఆ శ్రమంతా వృథా.

తెలుగు నేలపై పోలిక

భారతీయ సంప్రదాయం చిత్రానికి చెప్పిన ఆరు అంగాలలో సాదృశ్యం ఒకటి. పన్నెండవ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసం, అద్దంలో ప్రతిబింబం వలె పోలిక కలిగిన చిత్రాన్ని విద్ధమని, పోలికతో పని లేనిదానిని అవిద్ధమని వేరుచేసింది. ఉషాపరిణయ కథలో చిత్రలేఖ దేవతల, గంధర్వుల, రాజకుమారుల రూపాలను వరుసగా గీసి చూపగా, ఉష కలలో చూసిన అనిరుద్ధుని పటాన్ని గుర్తుపట్టిన ఘట్టం తెలుగువారికి సుపరిచితం. సాదృశ్యానికి గీటురాయి గుర్తింపేనని ఆ కథ చెబుతోంది. అయినా దేవాలయ కళలో విద్ధచిత్రానికి దొరికిన చోటు తక్కువ. పదహారవ శతాబ్దపు లేపాక్షి కుడ్యచిత్రాలలో ఆలయ నిర్మాత విరూపణ్ణ, అతని సోదరుడు పూజ చేస్తూ కనబడతారు గాని, వారిని గుర్తించేది కనుముక్కు తీరును బట్టి కాక వేషాన్ని, స్థానాన్ని బట్టి. తిరుమల ఆలయంలో ఇద్దరు రాణులతో చేతులు జోడించి నిలిచిన శ్రీకృష్ణదేవరాయల లోహవిగ్రహం ఆ కాలపు రూపచిత్రణకు మిగిలిన అమూల్యమైన సాక్ష్యం. పోతన, వేమన వంటి కవులకు సమకాలిక చిత్రాలేవీ లేవు. నేడు పాఠ్యపుస్తకాలలో కనిపించేవి తరువాతివారు ఊహించి గీసినవి.

నూనె రంగుల పాశ్చాత్య పద్ధతి రాజా రవివర్మ (1848–1906) చిత్రాల ముద్రిత ప్రతుల ద్వారా తెలుగు ఇళ్ళకు చేరింది. రాజమహేంద్రవరంలో పుట్టి బొంబాయి జె.జె. కళాశాలలో చదివిన దామెర్ల రామారావు (1897–1925) ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే మరణించినా, మనుషులను ఎదురుగా చూసి గీసే అలవాటును ఇక్కడి చిత్రకళలో నాటాడు; ఆయన చిత్రాలు రాజమహేంద్రవరంలోని ఆయన పేరిటి చిత్రశాలలో ఉన్నాయి.

రూపచిత్రణను ఊరూరా నిలబెట్టినవారు మాత్రం పేరు లేని చిత్రకారులు. గుమ్మం పైన దండ వేసి పెట్టుకునే తాతల, అమ్మమ్మల పటాలలో అనేకం, ఏ గుర్తింపు కార్డు మీదిదో, పెళ్ళి గుంపులోదో అయిన గోరంత ఫోటోను చూసి పొడి నలుపుతోనో, పెన్సిల్‌తోనో పెద్దది చేసి వేసినవి. మాదిరిలో కళ్ళు రెండు మసక చుక్కలు. చిత్రకారుడు ఆ మనిషిని ఎన్నడూ చూడలేదు. తీర్పు చెప్పవలసినవారు ఆ ముఖాన్ని నలభై ఏళ్ళు చూసినవారు. రూపచిత్రణలో ఇంతకంటే కఠినమైన పరిస్థితి లేదు. బిడ్డల ముఖాలు చూసి, ఇంటివారి మాటలు విని, ఆ ఖాళీలను పూరించి, చివరకు అవును, అమ్మే అనిపించిన చిత్రకారులు ఎందరో ఉన్నారు. అటువంటి పటం ఇంట్లో ఉన్నవారు అద్దం వెనుక చెమ్మ చేరకుండా చూసుకుని, అడుగున మూలలో ఉన్న సంతకాన్ని చదివి, చిత్రకారుని పేరు, ఊరు, వేసిన సంవత్సరం తెలిసినంతవరకు పటం వెనుక రాసి ఉంచవలసిందిగా మనవి.